తెల్ల లాంచీని తిన్నదెవరు

పోయిన వారం మనం సైనిమెరెని నాసోలో ఊరి సభలో, జనం నడుమ, నోట్లోంచి మాట జారిన క్షణాన వదిలిపెట్టాం. ఆ మాట ఇంకా తీరమంతా తిరుగుతూనే ఉంది.

తొలివెలుగు సంఘం పెట్టిన ఇలిసోని పెద్దాయన పోయి నూరో రాత్రి దాటింది. బతికుండగా ఆయన కొండవాలున ఉన్న దేవుని తోట చుట్టూ కొబ్బరాకు కట్టి, తనూ తన కొడుకూ తప్ప ఎవరూ అడుగు పెట్టకూడదని ఆన పెట్టాడు. సంతాపం ముగిసే నూరో రాత్రి తెల్లారాక ఆ ఆకు విప్పి జనం పాడుకుంటూ పైకెక్కారు. ఇరవయ్యేళ్లుగా తీరంలో ప్రతి కుటుంబమూ మొక్కలు మోసుకొచ్చి నాటిన తోట అది. దంచి నీళ్లలో కలుపుకుని తాగే యంగోనా వేరు భూమిలో ఎంతకాలం ఉంటే అంత బలుస్తుంది, అంత ధర పలుకుతుంది. ఆ వేళ్లు అమ్మి, రోగుల్ని సవుసవు ఆస్పత్రికి చేర్చే లాంచీ కొంటామన్నది పెద్దాయన మాట. పైకెక్కినవాళ్లకు నడుమెత్తు గడ్డి కనిపించింది. గడ్డి కింద నోళ్లు తెరుచుకున్న గుంటలు.

అప్పుడు సైనిమెరె లేచి పెద్దాయన కొడుకు అకుయిలా ముఖం మీదే అనేసింది, లాంచీని నువ్వే తిన్నావు బావా అని. అతను అవుననలేదు, కాదనలేదు. ఆదివారం సభలో జవాబు చెప్పకపోతే ఊరి నేల విడిచి పొమ్మని పెద్దలు గడువు పెట్టారు.

ఇవాళ శుక్రవారం.

వాన వెలిసి అఖాతం పాలు పోసినట్టుంది. ఆకాశం ఎక్కడ ఆగిందో నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు. అవతలి ఒడ్డున నాసోలో కొండ నీళ్లమీద తేలుతున్నట్టు, ఎవరో తాడు విప్పితే కదిలి వెళ్లిపోయేట్టు కనిపిస్తోంది. వునివౌ ఊళ్లో తండ్రి కట్టిన ఇంటి అరుగు మీద కూర్చుని సైనిమెరె ఆ కొండనే చూస్తోంది. లోపల తల్లి రెజియెలి కిటికీ పక్కన చాప అల్లుతోంది. ఎండిన ఆకు మీద ఎండిన ఆకు పడే చప్పుడు తప్ప ఇంట్లో మాట లేదు.

లాంచీని మొదట చూసింది పెద్దాయన, కలలో. తొలిజామున జనాన్ని నడుముల్లోతు సముద్రంలో నిలబెట్టి, కళ్లు మూసుకోమని, ఆ కల చెప్పేవాడు. తెల్లటి లాంచీ. పైన కప్పు. లోపల పరుపు. ఇంజను చప్పుడు కూడా చెయ్యదు, మేఘం జరిగినట్టు జరుగుతుంది. చల్లటి నీళ్లు తొడలకు తగులుతుంటే ప్రతివాడికీ అది కనిపించేది. సైనిమెరె మొగుడు పెనియాసికైతే పరుపు మీద దిండు కూడా కనిపించింది. నీలం రంగు దిండు. నిరుడు వానాకాలంలో కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న అతన్ని కప్పులేని చిన్న పడవలో వేసుకుని సవుసవుకు బయలుదేరారు. సగం దారిలో, వాన మొహాన కొడుతుంటే, నీలం దిండేదని అడిగాడు పెనియాసి. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు.

కలలకు లెక్క చెప్పనక్కర్లేదు. కలల్లో ఉన్న సుఖమల్లా అదే. లెక్క చెప్పాల్సింది మెలకువగా ఉన్నవాళ్లు, మెలకువగా ఉన్నవాళ్లను లోకం ఎప్పుడూ దొంగలనే అంటుంది.

పాల మధ్యలోంచి ఒక నల్లటి గీత కదిలి, పడవై, ఒడ్డుకు తగిలింది. దిగినవాళ్లు ఇద్దరు. ముందు సంఘం తరఫున మాట్లాడే సకరైయా, శుభ్రమైన చొక్కాలో, పొట్ట ముందుకు పెట్టుకుని. వెనక అకుయిలా, నాలుగు రోజులుగా నిద్రలేని కళ్లతో.

లోపలికొస్తూ అకుయిలా గుమ్మానికి తల కొట్టుకున్నాడు. ఆ గుమ్మం సైనిమెరె తండ్రి తన ఎత్తుకు తగ్గట్టు కట్టుకున్నది. ఆయన పొట్టి మనిషి. తన పెళ్లిలో కూడా పెళ్లికూతురి భుజం దగ్గర ఆగిపోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అకుయిలా నుదురు రుద్దుకుంటూ, "మీ నాన్న పోయి పదిహేనేళ్లయినా నన్ను కొట్టడం మానలేదు," అన్నాడు.

"మా నాన్న గుమ్మానికి మనుషులు తెలుసు బావా. దొంగ తలకాయ వస్తే వదలదు."

ఇంకో సమయంలోనైతే ఇద్దరూ నవ్వేవాళ్లు. మేనమామ కొడుకూ మేనత్త కూతురూ ఒకర్నొకరు ఎంతమాటైనా అనుకోవచ్చు, అనుకోకపోతేనే తప్పు. చిన్నప్పుడు ఆమె అతని లుంగీ ముడి విప్పి సముద్రంలో పారేసింది. అతను ఆమె పెళ్లి ఊరేగింపులో, ఈ పిల్ల కూర వండితే కుక్కలు కూడా ప్రార్థన చేసుకుని తింటాయని కేకేశాడు. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

సకరైయా చాప మీద మోకరిల్లి, సంచిలోంచి తంబువాను తీశాడు. తేనె రంగుకు తిరిగిన తిమింగలం పన్ను, రెండు కొసలకూ కొబ్బరిపీచు తాడు. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. పెద్దాయన పేరు చెప్పాడు, ఆయన కల చెప్పాడు, ఆయన చెయ్యి తగిలి లేచి నడిచినవాళ్ల పేర్లు చెప్పాడు. చివరికి అసలు సంగతికొచ్చాడు. సభలో అన్న మాటను సైనిమెరె వెనక్కి తీసుకోవాలి. లాంచీ సంగతి పెద్దాయనతో పాటే మట్టిలో ఉండిపోవాలి. ఈ పంటి కింద దాన్ని పాతిపెట్టమని సంఘం పెద్దలు ఆమె కాళ్ల దగ్గర కూర్చుని అడుగుతున్నారు.

చచ్చినవాణ్ణి గొప్పవాడనడానికి ఖర్చేమీ ఉండదు. సకరైయా బాగా ఖర్చులేకుండా మాట్లాడాడు.

మాట అయ్యాక తంబువాను ఆమె ముందు పెట్టాడు. దాన్ని చేతిలోకి తీసుకుంటే అడిగింది ఒప్పుకున్నట్టే. ఇంక ఆ నోరు ఆ సంగతి ఎత్తకూడదు, ఆమె నోరే కాదు, ఆమె పిల్లల నోరు కూడా. సైనిమెరె తీసుకోలేదు. తోసేయనూ లేదు. బావామరదళ్ల మాటలు కొన్ని ఉన్నాయి, మీరు బయట చల్లగా కూర్చోండి బాబాయ్ అని సకరైయాను సాగనంపింది. కొబ్బరిపాలల్లో ఉడికిన చేప వాసన వంటింట్లోంచి వస్తోంది కాబట్టి ఆయన పెద్దగా బాధపడకుండా అటే నడిచాడు.

చాప మీద ఇద్దరూ మిగిలారు, మధ్యన పన్ను. కిటికీ దగ్గర ముసలమ్మ చేతులు ఆగకుండా కదులుతున్నాయి.

"ఇంతకీ ఏం కొన్నావు?" అంది సైనిమెరె. "సువాలో మేడా? మాకు తెలియకుండా విమానమా?"

అకుయిలా తన చొక్కా చూపించాడు. కాలర్ చిరిగి, లోపలి గుడ్డ బయటికొచ్చింది. "విమానంలో పోతుంటే గాలికి చిరిగింది," అన్నాడు.

అబద్ధం చెప్పను, నేనూ కొంత తిన్నాను అన్నాడు. వల కొనడానికి ఒకసారి, పేకాట అప్పు తీర్చడానికి ఒకసారి మొక్కలు పీకాడు. తండ్రికి తెలిసి మూడు నెలలు మాట్లాడలేదు. ఆ రెండుసార్లకీ ఆదివారం నిలబడి తల వంచుకుంటాడు. కానీ తోట తోటంతా అతని పొట్టలో పట్టదు.

"మరి ఎవరి పొట్టలో పట్టింది?"

"తంబువా తీసుకో సైనీ. తీసుకుంటే ఆ మాట నేను చెప్పక్కర్లేదు."

"తీసుకోను. చెప్పు."

అతను కిటికీ వైపు, ముసలమ్మ వీపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, తుఫాను వచ్చిన ఏడాది గుర్తుందా అని అడిగాడు. మీ అత్తగారింటి కప్పు ఎగిరి మడ అడవిలో పడింది. నువ్వొచ్చి మా నాన్న దగ్గర కూర్చుని ఒకే ఒక్క మాట అన్నావు, మామా, పడుకుంటే నక్షత్రాలు కనిపిస్తున్నాయి అని. నవ్వుతూనే అన్నావు. వారంలో ఇనప రేకులొచ్చాయి.



తర్వాత నీ కొడుకు వైసేయా చదువు. ఓడ ఇంజన్ల పని నేర్చుకుంటాడట మామా, సువాలో చాలా అవుతుందట అన్నావు. ఇవ్వమని అడగలేదు. నువ్వు ఎప్పుడూ అడగలేదు. మేనకోడలు అడగక్కర్లేదుగా. మేనమామ ఇంట్లో దేని వైపు చూస్తే అది మేనకోడలిదే, కాదన్నవాడి వంశం నిలవదు. నువ్వు వచ్చి చూసి వెళ్లేదానివి. నువ్వు వెళ్లాక మా నాన్న గునపం తీసుకుని, నన్ను లేపి, కొండెక్కేవాడు.

"ఆయన సొంత తోటలోదనుకున్నాను," అంది సైనిమెరె. గొంతు ఎక్కడో దూరంనుంచి వచ్చినట్టుంది.

"సొంత తోట ఎక్కడుంది? సంఘం పెట్టిన రోజే సొంతదంతా సంఘానికి రాసిచ్చాడుగా. సముద్రంలో నిలబడి చప్పట్లు కొట్టావు నువ్వు."

నిజమే. కొట్టింది. ఆ చప్పట్ల నీళ్లు మొహాన చిలకరించినట్టు ఇప్పుడు గుర్తొచ్చింది. చేతులు ఖాళీ చేసుకున్న మనిషి ఆ తర్వాత ఇరవయ్యేళ్లు ఇస్తూనే ఉంటే, ఎక్కణ్ణుంచి ఇస్తున్నాడని ఆమెకు ఒక్కసారీ అనుమానం రాలేదు. రానివ్వలేదు. మామ మహిమ గలవాడు, ఆయన చేతిలో అన్నీ పుడతాయి అనుకోవడంలో ఒక హాయి ఉంది. పుచ్చుకునేవాళ్లందరికీ ఉండే హాయి అది. ఊళ్లు ఊళ్లే ఆ హాయిలో నిద్రపోతాయి. లేచాక కాపలావాణ్ణి కొడతాయి.

అకుయిలా ఆగాడు. ఇంకొకటి ఉంది, దాన్ని చెప్పడానికి నోరు రావడం లేదు. సైనిమెరెకు చెప్పకుండానే తెలిసిపోయింది. 

పెనియాసి చావు.

ఆ చావును తీరమంతా మెచ్చుకుంది. ఎన్ని ఎడ్లు కోశారు, ఎన్ని చాపలు పరిచారు, ఎంతమంది వచ్చి ఎన్ని రోజులు తిన్నారు. బంగారంలాంటి మేనమామ ఉంటే ఆడదానికి అంత గౌరవం దక్కుతుందని ముసలమ్మలు మెటికలు విరిచారు. తన దుఃఖం మీద అంత పెద్ద గొడుగు పట్టినందుకు సైనిమెరె మామ కాళ్ల మీద పడి ఏడ్చింది. ఆయన ఆమె తల నిమురుతూ కొండ వైపు చూశాడు. అప్పుడామె ఆ చూపును ప్రార్థన అనుకుంది.

లాంచీ లేక చనిపోయిన మనిషి దినాలకు లాంచీని కోసి వడ్డించారు. ఆమె కూడా తింది.

బయట ఎక్కడో సకరైయా చేప ముల్లు ఉమ్మిన చప్పుడు. అఖాతం మీద పొగమంచు ఇంకొంచెం దగ్గరికి జరిగింది. సైనిమెరె కళ్లకు తెల్లటిదేదో ఆ మంచులో కదులుతున్నట్టు, దాని కప్పు తన పాత ఇంటి రేకులదైనట్టు, పరుపు తన మొగుడి శవం కింద పరిచిన చాపలదైనట్టు, ఇంజన్లో తన కొడుకు కూర్చుని ఉన్నట్టు కనిపించింది. ముక్కలు ముక్కలుగా అది ఆమె దగ్గరికి ఎప్పుడో వచ్చేసింది. ఆమె గుర్తుపట్టలేదు అంతే.

"సభలో ఎందుకు చెప్పలేదు బావా? దొంగా అన్నాను గదా నిన్ను."

"ఎవరికిచ్చామో పేరు బయటపెడితే ఇచ్చినట్టు కాదన్నాడు నాన్న. ఒట్టు వేయించుకున్నాడు." మళ్లీ కిటికీ వైపు చూసి, "అయినా ఆ సభలో అత్త కూర్చుని ఉంది," అన్నాడు.

అత్త అంటే రెజియెలి. ఇలిసోనికి ఒక్కతే చెల్లెలు. ఆ తీరంలో అన్నాచెల్లెళ్లు ఈడొచ్చాక ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, ఒక చాప మీద కూర్చోరు, పేరెత్తరు. అంత గౌరవం. జీవితమంతా ఆ ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. ఆయన పడవేసుకుని వచ్చినప్పుడల్లా ఈ అరుగు మీదే, లోపలికి వీపు పెట్టి కూర్చుని, మీ అమ్మకు మోకాళ్లు ఎలా ఉన్నాయని మేనకోడల్ని గట్టిగా అడిగేవాడు. లోపల ఆకు చప్పుడు ఆగేది. అమ్మ బాగానే ఉంది మామా అని సైనిమెరె అనగానే మళ్లీ మొదలయ్యేది. చెల్లెలితో చెప్పకూడనిదంతా మేనకోడలికి పెట్టాడు పెద్దాయన. అది ఆయన ఒక్కడి తప్పని అనడానికి ఎవరికి నోరొస్తుంది. కాని లాంచీ ఒక్క కుటుంబానిది కాదు. అదీ నిజమే.

సైనిమెరె తంబువా వైపు చూసింది. చెయ్యి చాపితే చాలు. మాట మట్టిలో కలుస్తుంది. పెనియాసి దినాల గౌరవం అలాగే ఉంటుంది, వైసేయా తలెత్తుకుని తిరుగుతాడు, పెద్దాయన కొండ మీద వెలుగై నిలబడి ఉంటాడు. ఊరు విడిచి పొమ్మనే మాట కూడా పోతుంది. మిగిలేది ఒక్కటే. అకుయిలా ఎక్కడికెళ్లినా, వెళ్లాక, వెనక నుంచి చిన్నగా ఒక మాట వినిపిస్తుంది. అతని పిల్లలకూ వినిపిస్తుంది. ఎవరూ గట్టిగా అనరు కాబట్టి ఎవరూ కాదననూ లేరు.

ఆమె పన్నును తాకలేదు. అది పెట్టి ఉన్న చిన్న చాప అంచు పట్టుకుని, నెమ్మదిగా, నిద్రపోతున్న బిడ్డను తిప్పినట్టు, చాపను తిప్పింది. తంబువా అకుయిలా ముందుకొచ్చి ఆగింది.

"పట్టుకుపో," అంది. "ఆదివారం నేను నిలబడతాను. నా ఇంటి మీదున్న లాంచీ ఎంతో, నా కొడుకు చదివిన లాంచీ ఎంతో, నా మొగుడి పేరు మీద ఊరంతా తిన్న లాంచీ ఎంతో నేనే చెబుతాను. ఊరు కూడా తింది గదా, అదీ చెబుతాను."

"మీ మొహాలు చూడరింక."

"నువ్వు చూస్తావుగా. ఆ మాత్రం చాలు. కూర బాగోదన్నవాడివి నువ్వే, అయినా గిన్నె నాకేసేవాడివీ నువ్వే."

అకుయిలా నవ్వబోయి, మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదిలాయి. సైనిమెరె అతని వైపు చూడకుండా అఖాతం చూస్తూ కూర్చుంది, అది కూడా మర్యాదే కాబట్టి. కాస్త తేరుకున్నాక, అన్నీ వరసగా చెప్పు, సభలో ఒక్కటి మర్చిపోయినా మళ్లీ నీ మీదకే వస్తుంది అంది.

అతను చెప్పాడు. రేకులు, చదువు, దినాలు. మధ్యలో ఒకసారి ఆమె పళ్లు పీకించుకోవడం. ఆమె తలాడిస్తూ పోయింది. ఒక్కొక్కటి ఒప్పుకున్న కొద్దీ ఒంట్లోంచి ఏదో బరువు దిగి, తొలిజాము నీళ్లలో నిలబడినప్పటి తేలిక వస్తోంది.

"ఇంక ఆఖరుది," అన్నాడు. "ఊట పక్క వరస. అన్నిటికన్నా ముసలి మొక్కలు, తోట మొదలుపెట్టిన రోజున నాటినవి. వాటిని మాత్రం ముట్టుకోడనుకున్నాను. అవి మిగిలినా సగం లాంచీ ఉన్నట్టే. నాన్న పోయే ముందు వారంలో వాటినీ తవ్వించాడు. సవుసవులో అమ్ముకొస్తే డబ్బు గుడ్డలో కట్టి ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు. వద్దు నాన్నా అన్నాను. చెల్లెలి బిడ్డ వచ్చి అడిగితే ఎలా కాదంటానురా అన్నాడు. దానికి మాత్రం నాకు నీమీద కోపం వచ్చింది సైనీ. సభలో నోరు విప్పకపోవడానికి అదీ ఒక కారణం. నోరు విప్పితే ఆగేవాణ్ణి కాదు."

సైనిమెరె తల ఆడలేదు.

"నేను రాలేదు," అంది.

"మనిషిని పంపావుగా."

"ఎవర్నీ పంపలేదు. ఆ నెలంతా నేను సువాలో వైసేయా దగ్గరున్నాను బావా. మామ పోయిన సంగతి రేడియోలో విని ఓడెక్కాను. ఓడలో వచ్చింది నీకు తెలుసు, రేవులో దింపుకున్నది నువ్వే."

 అకుయిలాకు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. అప్పుడు చెప్పాడు, తెల్లవారకముందు రేవులో పడవెక్కుతున్న మనిషిని వెనకనుంచి చూశాననీ, చంకలో ఆ గుడ్డమూట ఉందనీ, సైనిమెరె పంపిన పడవవాడే అనుకున్నాననీ. నాన్న ఒడ్డున నిలబడి ఆ పడవ మంచులో కలిసిపోయేదాకా చూశాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం అప్పుడొక్కసారే చూశాను అన్నాడు.

"ఆయనకు చెల్లెలు ఒక్కతే," అంది సైనిమెరె, మెల్లగా, తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు. "ఆ చెల్లెలికి నేను ఒక్కదాన్నే."

అప్పుడు గాని ఇద్దరికీ తెలియలేదు, ఇంట్లో ఆకు చప్పుడు ఆగిపోయి చాలాసేపయిందని.

రెజియెలి కిటికీ వైపే చూస్తోంది. ఒళ్లో సగం అల్లిన చాప. 

"ఆ మనిషి," అంది ముసలమ్మ, "పొడుగ్గా ఉన్నాడా?"

 "అవునత్తా. బాగా పొడుగు. పడవ తెరచాప కర్ర కిందనుంచి వంగి వెళ్లాడు."

రెజియెలి తల తిప్పి, పొట్టి మొగుడు తన ఎత్తుకు కట్టుకున్న ఆ గుమ్మాన్ని, జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"వాడి నాన్న కూడా అంతే," అంది. "ఎక్కడికెళ్లినా వంగే వెళ్లేవాడు."